కాటరీ ప్లేట్: స్టీలుదా, స్టిక్కరా, లేక అసలు ప్లేటే అక్కర్లేని బైపోలారా? ఏది మేలు?

కాటరీ అంటే ఆపరేషన్‌లో కరెంటుతో కణజాలాన్ని కోసి, రక్తం కారకుండా ఆపే యంత్రం. దాని మోనోపోలార్ రకంలో కరెంటు సర్జన్ చేతిలోని పెన్సిల్ లాంటి పరికరం మొన నుంచి రోగి శరీరంలోకి ప్రవేశించి, తొడకో పిరుదుకో అమర్చిన ప్లేటు గుండా తిరిగి యంత్రానికి చేరుతుంది. మొన దగ్గర కణజాలాన్ని కోసేదీ, ప్లేటు దగ్గర చర్మాన్ని ఏమీ చేయనిదీ ఒకే కరెంటు. తేడా అంతా అది పరుచుకునే వైశాల్యంలోనే ఉంది. ప్లేటు సగం లేచిపోతే, మిగిలిన సగంలో కరెంటు సాంద్రత రెట్టింపై, అక్కడి వేడి నాలుగింతలవుతుంది. మత్తులో ఉన్న రోగి మంటగా ఉందని చెప్పలేడు కనుక ఒంటిమీద కప్పిన డ్రేపులు (గుడ్డలు) తీసేదాకా ఆ సంగతి బయటపడదు.

స్టీలు ప్లేటును కడిగి తుడిచి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. దానికున్న సుగుణం దాదాపు అదొక్కటే. అది ఒంటి వంపులకు ఒదగదు, రాసిన జెల్ ఆరిపోతుంది, రోగిని పక్కకు తిప్పితే జారుతుంది. పైగా పాత యంత్రం తీగ తెగిందా లేదా అన్నది మాత్రమే చూస్తుంది తప్ప ప్లేటు ఒంటికి ఆనుకుని ఉందో లేదో దానికి పట్టదు. ఎప్పటి సెట్టింగులోనే కాటరీ సరిగ్గా పనిచేయక సర్జన్ పవర్ పెంచమన్నప్పుడు, టెక్నీషియన్ నాబ్ మీద చేయి వేసేముందు డ్రేపు ఎత్తి ప్లేటు చూడాలి.

1980ల తొలినాళ్లలో వచ్చిన రెండు ముక్కల స్టిక్కర్ ప్లేటు ఈ లోపాన్నే సరిచేసింది. యంత్రం రెండు రేకుల మధ్య అతి స్వల్ప కరెంటు పంపి నిరోధాన్ని కొలుస్తూ ఉంటుంది. ప్లేటు అంచు లేచి నిరోధం హద్దు దాటితే అలారం మోగించి, కరెంటు ఆపేస్తుంది. నా మటుకు ఇదే మేలు, అయితే రెండు షరతుల మీద. ఈ ప్లేటును ఆ పర్యవేక్షణ లేని పాత యంత్రానికి తగిలిస్తే ఆ రక్షణ రాదు. కొత్త యంత్రానికి ఒకే రేకున్న స్టిక్కర్ తగిలించినా అంతే. రెండోది, ఒకసారి వాడి పారేయాల్సిన దాన్ని మళ్లీ వాడకూడదు. వెంట్రుకలు అంటుకుని, జెల్ పొరలు పొరలుగా లేచిన ప్లేటును నాలుగు వైపులా ప్లాస్టర్ వేసి అతికించడం పొదుపు కాదు, కాలిన గాయానికి దారి. కొత్తదైనా కండ ఉన్న చోట, ఆపరేషన్ చోటుకు దగ్గరగా, ఎముక పొడుచుకొచ్చిన చోటూ మచ్చలూ తప్పించి, వెంట్రుకలు తీసి, పొడి చర్మం మీద అంటించాలి.

బైపోలార్‌లో కరెంటు పట్టుకారు లాంటి ఫోర్సెప్స్ రెండు మొనల మధ్యే తిరుగుతుంది గనుక ప్లేటుతో పనే లేదు. చేతి, మెదడు ఆపరేషన్లలోనూ, పేస్‌మేకర్ ఉన్నవారి విషయంలోనూ వీలైన చోటల్లా దీన్నే ఎంచుకోవాలి. కాకపోతే పెద్ద కోతలకు మోనోపోలార్ అందించే వేగం దీనితో రాదు, కాబట్టి సాధారణ థియేటర్‌లో ఇదొక్కటే చాలదు.

స్పిరిట్ మాట వేరు: చర్మానికి రాసింది పూర్తిగా ఆరకముందే, లేదా రోగి కింద మడుగు కట్టి ఉండగా కాటరీ వాడితే మంటలు లేస్తాయి, పైన చెప్పిన ఏ ప్లేటూ దాన్ని ఆపలేదు.

హైదరాబాద్ కోఠిలోని సర్జికల్ దుకాణాల్లో పాత యంత్రం బేరమాడే నర్సింగ్ హోమ్ యజమాని ప్లేటు పర్యవేక్షణ ఉందా అని ముందు అడిగి, రెండు ముక్కల ప్లేటు తగిలించి, అంచు లేపి, అలారం మోగుతుందో లేదో అక్కడే చూసుకోవాలి.