హాపరా, వైయెతా: ముందు ఎవరిని చూడాలి?

అమెరికన్ వాస్తవిక చిత్రకళ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు: ఎడ్వర్డ్ హాపర్‌తో మొదలుపెట్టాలా, ఆండ్రూ వైయెత్‌తోనా? హాపర్ 'నైట్‌హాక్స్' (1942), వైయెత్ 'క్రిస్టినాస్ వరల్డ్' (1948) మీరు చూసే ఉంటారు. గ్రాంట్ వుడ్ 'అమెరికన్ గోథిక్' మాటేమిటంటారా? ఒకసారి చూసి నవ్వుకోండి, చాలు.

హాపర్‌తో ఒక సౌకర్యం ఉంది: ఫోనులో చూసినా బొమ్మ చెడదు. వెలుగు పడిన గోడ, పెద్ద నీడ, ఒంటరి మనిషి. ఏళ్ళ తరబడి పత్రికలకు ఇష్టంలేకుండా బొమ్మలు వేసి బతికిన చెయ్యి అది. ఏది వదిలేయాలో దానికి తెలుసు. వైయెత్‌కు ఆ వీలు లేదు. గుడ్డు పచ్చసొనలో రంగుపొడి కలిపే టెంపెరాతో ఒక్కొక్క గడ్డిపోచనే వేస్తాడు. చిన్న తెర మీద అదంతా గోధుమరంగు మరక.

అయినా నా మటుకు తేల్చేది ఇది కాదు, చిత్రకారుడు ఎక్కడ నిలబడి చూశాడన్నది. హాపర్ వీధి అవతలే ఆగిపోతాడు. 'నైట్‌హాక్స్'లో ఆ హోటలుకు వీధి తలుపే కనిపించదు. అందులోని ఎర్ర గౌను స్త్రీకి నమూనా భార్య జో. తనూ చిత్రకారిణే. పెళ్ళయ్యాక ఆయన వేసిన ఆడవాళ్ళందరికీ దాదాపు ఆమే నమూనా. అన్ని బొమ్మలు చూసినా జో ఎలాంటి మనిషో మనకు అంతుచిక్కదు.

వైయెత్ ఇంట్లోకే వెళ్ళాడు. మెయిన్ రాష్ట్రంలోని కుషింగ్‌లో ఆల్సన్‌ల ఇంటి మేడగది ఆయన పనిగది. క్రిస్టినా ఆల్సన్ నడవలేదు. చక్రాల కుర్చీ వద్దని పాకుతూనే తిరిగేది. అలా పొలంలో పాకుతుండగా చూసి వేసిన బొమ్మే 'క్రిస్టినాస్ వరల్డ్'. అప్పటికి ఆమెకు 55 ఏళ్ళు, బొమ్మలోని మొండేనికి నమూనా మాత్రం వైయెత్ యువభార్య బెట్సీ. మోసమనే అనండి, ముఖం చూపకపోవడం వల్ల జాలికి చోటు లేకుండా పోయింది. సెంటిమెంటు అని తీసిపారేసిన విమర్శకులు ఈ సంగతి పట్టించుకోలేదనిపిస్తుంది.

తీరిక ఒక్క సాయంత్రమే అయితే హాపర్ చాలు. ఇంకొంచెం ఉంటే వైయెత్ 'వింటర్ 1946' దగ్గర ఆగండి. ఒక కుర్రాడు గడ్డి కొండ దిగి పరుగెడుతుంటాడు. 1945లో వైయెత్ తండ్రి కారును రైలు ఢీకొన్నది ఆ కొండ అవతలే. తండ్రి బతికుండగా ఆయన బొమ్మ వేయనే లేదు. ఆ కొండే చివరికి తండ్రి బొమ్మ అయిందని వైయెత్ తర్వాత చెప్పుకున్నాడు.