రాత్రి డ్యూటీ అంబులెన్సు సిబ్బందికి టెలి మానస్ 14416 ఎంతవరకు అక్కరకొస్తుంది?

హైదరాబాద్–విజయవాడ రహదారిపై చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా అంబులెన్సుల్లో తిరిగే పైలట్లకూ (డ్రైవర్లకూ) ఈఎంటీలకూ (అత్యవసర వైద్య సహాయకులకూ), ఫోన్‌లో మానసిక ఆరోగ్య సాయం అందించే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ ఏ మేరకు పనికొస్తుందో, ఆ ఈఎంటీల్లో ఒకడిగా వాడి చూసి రాస్తున్నాను. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవకు 14416 నంబరుతో రోజంతా ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు.

రాత్రివేళ కూడా అందుబాటులో ఉండడమే మావంటివారికి పెద్ద మేలు. నల్గొండ ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో క్షతగాత్రుణ్ని అప్పగించి, స్ట్రెచర్ చక్రాల సందుల్లో గడ్డకట్టిన రక్తాన్ని కడుగుతుండగానే తరువాతి కేసుకు ఫోన్ మోగుతుంది. ఆ వేళ ఇంటికి ఫోన్ చేసి ఇవన్నీ చెబితే ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండదు. పక్కనున్న పైలట్‌కు చెబుదామంటే అతనూ అదే చూసి వచ్చాడు.

నాతో మాట్లాడిన కౌన్సెలర్ ఏమాత్రం తొందరపడలేదు. ప్రమాదం వివరాల జోలికి పోకుండా నిద్ర, ఆకలి, కోపం, మద్యం గురించి ఆరా తీసి, కేసు అంటేనే చిరాకు ఎప్పటినుంచి మొదలైందని అడిగారు. బంధువుల ఏడుపు విన్నా ఏమీ అనిపించని స్థితికి చేరినవాణ్ని మా దగ్గర రాటుదేలాడని మెచ్చుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌కు, అంటే పని ఒత్తిడితో డీలాపడే స్థితికి, మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తి హరించుకుపోవడం, పని మీద విముఖత పెరగడం, చేతనైన పని కూడా సరిగా చేయలేకపోతున్నామనిపించడం. మేము మెచ్చుకునే ఆ మొద్దుబారడం రెండోదానికి చాలా దగ్గర. అదే సంస్థ బర్న్‌అవుట్‌ను వ్యాధుల్లో చేర్చకుండా, పనిచేసే చోట అదుపు చేయని దీర్ఘకాల ఒత్తిడి ఫలితంగా పేర్కొంది.

చిక్కంతా అక్కడే ఉంది. వేళకు పడుకోవడం, డ్యూటీ దిగాక ఫోన్ పక్కన పెట్టడం వంటి కౌన్సెలర్ సలహాలు మంచివే. కాని పన్నెండు గంటల రాత్రి డ్యూటీ చేసినవాణ్ని, రిలీవర్ (తరువాతి డ్యూటీ అందుకోవలసినవాడు) రాలేదన్న కారణంతో పగలు కూడా బండి దిగనివ్వని చోట వేళకు పడుకోవడం ఎలా సాధ్యం? ఆ తప్పు హెల్ప్‌లైన్‌ది కాదు, మమ్మల్ని పనిలో పెట్టుకున్నవారిది. పసిబిడ్డ చేతుల్లోనే పోయిన కేసు తరువాత ఒక్క గంటైనా బండిని పక్కన పెట్టి, సిబ్బందితో మాట్లాడే ఏర్పాటు యాజమాన్యమే చేయాలి. మా గదిలో 14416 పోస్టరు అంటించి ఊరుకున్నారు, అదీ టీ గ్లాసుల స్టాండు వెనుక.

సేవకు మాత్రం మంచి మార్కులే వేస్తాను. ఫోన్ చేయదలచినవారు బండి ఆగి ఉన్నప్పుడు, వెనుక తలుపు వేసుకుని చేయడం మేలు. మధ్యలో కేసు వస్తే ఆ మాట చెప్పి పెట్టేసి, వీలు చూసుకుని మళ్లీ చేయవచ్చు. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో సొంతంగా మాత్రలు కొనేవారు మాలో తక్కువేమీ కాదు. అటువంటివారు ముందుగా నిపుణులకు కలపమని అడగాలి.