'లోతు పది మీటర్లే' అంటే నమ్మి డబ్బు కట్టకండి: మునిగిన ఓడ డైవ్‌లో మాకు జరిగింది

చలి సముద్రంలో మునిగిన ఓడ చూపిస్తాం, లోతు 10 మీటర్లే, ఎవరైనా చేసేయొచ్చు అని ప్యాకేజీ అమ్మేవాళ్లుంటారు. బుక్ చేసేముందు ఇది ఒకసారి చదవండి. నేను పడింది ఆ 'పది మీటర్లే' అన్న మాటకే. ఇదివరకు డైవ్‌లు చేశాను గానీ, అన్నీ వెచ్చటి నీళ్లలో, 3 మిల్లీమీటర్ల మందం రబ్బరు సూట్‌తో.

ఇక్కడ నీళ్లు 12 డిగ్రీలు. 7 మిల్లీమీటర్ల సూట్, హుడ్ (తలకు తొడిగే టోపీ), గ్లవ్స్ అన్నీ ప్యాకేజీలోనే అన్నారు. సూట్ మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు. హుడ్ అసలు లేదు. అడిగితే "అరగంటే కదా" అన్నాడు గైడ్. తల తిప్పిన ప్రతిసారీ చన్నీళ్లు మెడలోంచి వీపు మీదికి జారుతుంటే ఆ అరగంట ఎంత పొడుగో తెలిసొచ్చింది.

బోటు మీదే ఇంకోటి చూశాను. రెగ్యులేటర్‌లోంచి, అంటే నోట్లో పెట్టుకునే గొట్టంలోంచి గాలి పీల్చినప్పుడల్లా, సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు 200 బార్ నుంచి 150కి పడి, మళ్లీ లేస్తోంది. "గేజ్ పాతది సార్" అన్నారు. గేజ్ కాదు, సిలిండర్ వాల్వ్ సరిగ్గా తెరవలేదు. నేనే తిప్పుకున్నాను. అప్పుడే దిగనని చెప్పాల్సింది. మొహమాటపడ్డాను.

అసలు గొడవ నీళ్లలో దిగడానికి నడుముకు కట్టుకునే సీసం బరువుల దగ్గర వచ్చింది. సూట్ మందం పెరిగేకొద్దీ మనిషి తేలతాడు, బెల్టుకు బరువు ఎక్కువ కావాలి. ఎవరికి ఎంత కావాలో నీళ్లలో తేలి చూసుకోవాలి. అదేమీ లేకుండా అందరికీ ఒకే బరువు బెల్టులు పంచారు. నేను దిగలేకపోతే గైడ్ చెయ్యి పట్టి కిందికి లాగాడు. కింద నీటి ఒత్తిడికి సూట్ నలిగి పలచబడుతుంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు అనిపించింది.

ఓడ మాత్రం అందంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ లోతు తక్కువ కావడంతో పైన అల వచ్చినప్పుడల్లా కింద మమ్మల్ని కూడా ఊయలలా అటూ ఇటూ ఊపేసింది. తుప్పు రేకు పట్టుకుంటే గ్లవ్ కోసుకుపోయింది. చిక్కుకున్న వలలు అక్కడక్కడా వేలాడుతున్నాయి, గైడ్ దగ్గర కత్తి లేదు. పైగా ఓడ పొట్టలోకి రమ్మని సైగ! మాలో ఎవరికీ లోపలికి వెళ్లే శిక్షణ లేదు. కాలికి తొడిగిన ఫిన్ ఒక్కసారి ఆడిస్తే మడ్డి లేచి చెయ్యి కనపడని చోటది. నా డైవ్ జోడీ అడ్డంగా తల ఊపింది, బతికించింది.

తిరిగి వచ్చేటప్పుడు, ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆగలేకపోయాను. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ గాలి అంటే దాదాపు 3 కిలోలు. 50 బార్‌కి వచ్చేసరికి అందులో రెండు కిలోలకు పైగా పోతుంది, మనం అంత తేలికవుతాం. సూట్ మళ్లీ ఉబ్బింది. బెండులా పైకి తేలిపోయాను. 5 మీటర్ల దగ్గర పీల్చిన గాలి పైకొచ్చేసరికి ఒకటిన్నర రెట్లవుతుంది. టెన్షన్‌లో ఊపిరి బిగబట్టి ఉంటే ఊపిరితిత్తి చిరిగినా చిరిగేది. అదృష్టం బాగుండి వదులుతూనే వచ్చాను.

రీఫండ్ అడిగితే, రిస్క్ మాదేనని మేం సంతకం చేసిన ఫారం చూపించారు. మీరు వెళ్లేట్టయితే నీళ్లెన్ని డిగ్రీలు, సూట్ ఎంత మందం, హుడ్ ఉందా, దిగేముందు బరువు చూస్తారా, గైడ్‌కి ఎంతమంది అని రాతపూర్వకంగా అడగండి. "అక్కడికొచ్చాక చూద్దాం" అన్నారంటే అడ్వాన్స్ కట్టకండి. మాకూ అదే చెప్పారు.