పీఎల్‌సీ అవుట్‌పుట్: రిలేనా, ట్రాన్సిస్టరా?

పీఎల్‌సీ (మెషీన్లను నడిపే చిన్న కంప్యూటర్) కొనేటప్పుడు అందరూ ఇన్‌పుట్లెన్ని, అవుట్‌పుట్లెన్ని అనే లెక్కేస్తారు. మోడల్ నంబర్ చివరున్న ఒక్క అక్షరాన్ని మాత్రం వదిలేస్తారు. డెల్టా డీవీపీ14ఎస్ఎస్211 తీసుకోండి. చివర ‘ఆర్’ ఉంటే రిలే అవుట్‌పుట్, అంటే లోపల కాంటాక్టు కదిలి కలిపే స్విచ్; ‘టీ’ ఉంటే ట్రాన్సిస్టర్, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్. మన దగ్గర చాలామంది అలవాటుగా ‘ఆర్’ తెచ్చేస్తారు.

తప్పు పట్టలేం. రిలేకి ఏసీ, డీసీ తేడా లేదు. 230 వోల్టుల కాంటాక్టర్ (మోటార్లను ఆన్ చేసే పెద్ద స్విచ్) కాయిల్‌ని నేరుగా తగిలించొచ్చు. సీమెన్స్ ఎస్7-1200లో రిలే ఒక్కో పాయింటుకి 2 ఆంపియర్లు మోస్తుంది, ట్రాన్సిస్టర్ 0.5 ఆంపియర్లే, అదీ 24 వోల్టుల డీసీ మీదే. కాగితం మీద రిలేదే పైచేయి.

తిరకాసంతా ఆయుష్షు దగ్గరుంది. అదే ఎస్7-1200 రిలే లోడు లేకుండా కోటిసార్లు కొట్టుకుంటుంది, పూర్తి లోడు మీద లక్షసార్లే. లక్షంటే బోలెడు అనిపిస్తుంది కదా? బస్తాలు నింపే మెషీన్‌లో గేటు వాల్వు 5 సెకన్లకోసారి పడుతుందనుకోండి. గంటకు 720, రోజుకు 17,280. ఆరు రోజులు తిరక్కముందే లక్ష దాటేస్తుంది! లోడు తక్కువైతే ఇంకా చాలాకాలం నడుస్తుందనుకోండి, కానీ దిగులు మాత్రం పోదు.

ఒక మిల్లులో నేనే చూశాను. పీఎల్‌సీ మీద ఆ అవుట్‌పుట్ లైటు ఆరిపోయింది, వాల్వు మాత్రం తెరుచుకునే ఉంది, బియ్యం కింద పోతూనే ఉన్నాయి. గంటసేపు ప్రోగ్రామ్‌ని తిట్టుకున్నాం. చివరికి సప్లై తీసి మల్టీమీటర్ పెడితే కుయ్యిమంది. లోపల కాంటాక్టు అతుక్కుపోయింది.

ట్రాన్సిస్టర్‌లో కదిలే ముక్క లేదు కాబట్టి ఈ అరుగుదల ఉండదు. వేగానికైతే పోటీయే లేదు. ఎస్7-1200లో ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్లున్న డీసీ మోడల్ 1,00,000 హెర్ట్జ్ దాకా పల్సులిస్తుంది, రిలే ఒక్కసారి మారడానికే 10 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. స్టెప్పర్ మోటారు (పల్సుకో అడుగు చొప్పున తిరిగేది) ఉంటే ఇంక చర్చే అక్కర్లేదు, ‘టీ’ కొనాల్సిందే. అయితే ఇది సుకుమారం. వైరు తప్పు తగిలితే పాయింటు పోవచ్చు. డీసీ కాయిల్ ఆరినప్పుడు వెనక్కి కొట్టే వోల్టేజీకి కాయిల్ పక్కన డయోడ్ పెట్టడం మంచిది. సింకా (లోడు నుంచి కరెంటు లోపలికి తీసుకునేది), సోర్సా (లోడుకి కరెంటు బయటికి ఇచ్చేది) అన్నది కూడా ముందే చూసుకోవాలి.

నన్నడిగితే ‘టీ’ తీసుకుని, బయట సాకెట్‌లో దిగే 6 మిల్లీమీటర్ల సన్న రిలేలు పెట్టమంటాను. పల్సు పాయింట్లను మాత్రం నేరుగా స్టెప్పర్‌ని నడిపే డ్రైవ్‌కే వదిలేయాలి. ప్యానెల్‌లో చోటు, కాస్త ఖర్చు పెరుగుతాయి, నిజమే. కానీ కాంటాక్టు పోతే రిలేని లాగి కొత్తది గుచ్చితే పని అయిపోతుంది, పీఎల్‌సీ విప్పక్కర్లేదు. రోజుకు రెండుసార్లు ఆన్ అయ్యే బోరు మోటారుకైతే ఇంత హంగామా దండగ, ‘ఆర్’ చాలు.

ఏది కొన్నా సెట్టింగుల్లో ఒకటి చూడండి: సీపీయూ స్టాప్‌లోకి వెళ్తే (ప్రోగ్రామ్ ఆగిపోతే) అవుట్‌పుట్ ఏం చేయాలి? సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌లో మామూలుగా సున్నా అయిపోతుంది, చివరి స్థితిలోనే ఉంచమని కూడా చెప్పొచ్చు. కన్వేయర్‌కి సున్నాయే ఉండాలి. చల్లబరిచే ఫ్యానుకైతే తిరుగుతూ ఉండటమే మేలు కావచ్చు. కాకపోతే అతుక్కుపోయిన కాంటాక్టు ఈ సెట్టింగు మాట వినదు. అందుకే ఎమర్జెన్సీ స్టాప్ వైరు పీఎల్‌సీని నమ్ముకోకుండా లోడు సప్లైనే తెంచేలా విడిగా వేయాలి.