ఎమ్మెస్సీ: జువాలజీనా, బయోటెక్నాలజీనా?

విశాఖలో బీఎస్సీ అయ్యాక చాలామందికి ఇదే టెన్షన్.

ఖర్చు: ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్షతో ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ సీటొస్తే భారం తక్కువ. ప్రైవేటు కాలేజీలో బయోటెక్ అంటే జేబు చూసుకోవాలి.

శ్రమ: జువాలజీలో జంతువుల వర్గీకరణ బట్టీ పట్టక తప్పదు. బయోటెక్‌లో పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు తీయడం), జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ (డీఎన్ఏ ముక్కల్ని సైజుల వారీగా విడదీయడం) స్వయంగా చేయాలి. యంత్రాలు నిజంగా పనిచేస్తున్నాయా అని చేరకముందే సీనియర్లను అడగండి, బ్రోచర్‌లో ఫొటోలు చాలవు.

రిస్క్: జూనియర్ లెక్చరర్ పోస్టులు జువాలజీకి ఉంటాయి. పరవాడ ఫార్మా సిటీ దగ్గరే కదా అని బయోటెక్ వాళ్లు ఆశపడతారు. అక్కడ ఎక్కువ పని కెమిస్ట్రీ వాళ్లదే.

పీహెచ్‌డీ: పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్ ఇద్దరికీ ఒకటే.

పాఠాలు చెప్పడం ఇష్టమైతే జువాలజీ. ల్యాబ్ పని నచ్చి, హైదరాబాద్, బెంగళూరు వెళ్లగలిగితే బయోటెక్.