నాలుగింటి పరీక్ష: గవర్నరుపేట భోజనాలతో పదకొండేళ్లు

విజయవాడ గవర్నరుపేటలోని ఒక ఆడిట్ ఆఫీసులో 2014 నుంచి పనిచేస్తున్నాను. ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకునే రోజులు వారానికి రెండుకు మించవు. మిగిలిన రోజుల్లో ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ మధ్య ఎక్కడో ఒకచోట తినవలసిందే. తినగా తినగా నాకంటూ ఒక కొలబద్ద ఏర్పడింది. ఆకలితో విస్తరి ముందు కూర్చుంటే ఏ భోజనమైనా బాగానే ఉంటుంది. అసలు సంగతి తేలేది సాయంత్రం నాలుగింటికి. మంచినీళ్లకు ఎన్నిసార్లు లేచాను, బిల్లులు సరిచూస్తూ ఎన్నిసార్లు కునికిపాట్లు పడ్డాను, పుల్లటి త్రేన్పులు వచ్చాయా లేదా అన్నది చూసి అప్పుడు మార్కులు వేస్తాను.

ఈ పరీక్షలో మొట్టమొదట తప్పింది రోడ్డు మీది ఏసీ హోటలు. పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. పెద్ద పళ్లెం, చుట్టూ డజను గిన్నెలు. చుట్టాలొస్తే తీసుకువెళ్లడానికి బాగుంటుంది. మే నెలలో ఆ చల్లదనం కోసమే సగం డబ్బు ఇచ్చానని ఒప్పుకుంటాను. అయితే డజను గిన్నెల్లోనూ కలిపి రుచులు మూడే. ముక్కలు మారుతాయి, ఎర్రటి గ్రేవీ మారదు. నాలుగింటికి ఒకటే దాహం.

ఆ తర్వాత కొన్నాళ్లు కర్రీ పాయింట్ల మీద బతికాం. ఆఫీసులోని నలుగురు ఆడవాళ్లం తలా కొంత వేసుకుని కరెంటు కుక్కరు కొన్నాం. పన్నెండుంబావుకు బియ్యం కడిగి పెట్టి, ఒకరు కిందికి దిగి పప్పు, ఒక వేపుడు, చారు తెచ్చేవాళ్లం. పొగలు కక్కే చారును పల్చటి కవరులో పోసి దారంతో బిగించి ఇస్తారు. ఆ ముడి విప్పడానికి నేర్పు కావాలి. ఒకసారి నా చేతిలో జారి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు చారులో మునిగాయి. అప్పటి నుంచి స్టీలు గిన్నెలు పట్టుకెళ్లాం. గిన్నె తెస్తే కవరు మిగులుతుంది కాబట్టి దుకాణంలో ఒక గరిటె ఎక్కువే పోసేవారు. పప్పుకు వంక పెట్టలేను. వేపుళ్లతోనే వచ్చింది చిక్కు. దొండకాయైనా బెండకాయైనా నల్లబడిన అదే నూనెలో మునిగి తేలేది. ఒకరికి బదిలీ అయింది, ఇంకొకరు పురిటికి వెళ్లారు, కుక్కరు మూలపడింది.

అప్పుడు దొరికింది సందులోని మెస్సు. పాత డాబా ఇంటి మొదటి అంతస్తు, ఇరుకు మెట్లు, ఏడు బల్లలు. టోకెన్లు, వరుసలు ఉండవు. తింటున్న మనిషి కుర్చీ వెనక నిలబడి ఖాళీ కోసం చూడాలి. మొదటిరోజు సిగ్గుతో తలుపు దగ్గరే ఆగిపోయాను. వడ్డించే పెద్దాయన చూసి, "పప్పు తినేవాళ్ల వెనక నిలబడకమ్మా, మజ్జిగ పోయించుకునేవాళ్లను చూసుకో" అన్నాడు. ఆ సలహా పదేళ్లుగా పనికొస్తోంది.

అరిటాకు, కందిపొడి, నెయ్యి, పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, గోంగూర, చారు, పెరుగు. వేపుడు మామూలుగానే ఉంటుంది, దాని కోసం మెట్లెక్కనక్కర్లేదు. ఎక్కవలసింది చారు కోసం. రెండున్నరకు వెళ్లినా నీళ్లు కలిపి పెంచిన జాడ ఉండదు. అన్నం సాంబమసూరి, 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం విడుదల చేసిన బీపీటీ 5204 వరి రకం. సంక్రాంతి దాటాక చాలాచోట్ల కొత్త బియ్యం దింపుతారు, మెతుకు మెత్తబడి ముద్ద కడుతుంది. ఇక్కడ ఏడాది పొడవునా పాత బియ్యమే. కొత్త బియ్యమైతే జనం మారు అడగరు, మీకే లాభం కదా అని మెస్సు ఆవిడతో అన్నాను. "మారు అడగరు. మర్నాడు మనిషే రాడు" అంటూ నా ఆకులో ఇంకో గరిటె అన్నం వేసింది.

లోపాలూ తక్కువేమీ కాదు. చేతులు కడుక్కునే చోట ఒకటే కుళాయి. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతాయి. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. 2015లో ఎనభై రూపాయలున్న భోజనం ఇప్పుడు నూట నలభై. దానికి బాధ లేదు, ధరలు నాకూ తెలుసు. నెయ్యి చెంచాను మాత్రం చెప్పకుండా చిన్నది చేశారు, అది మరిచిపోలేదు. 2022 ఆగస్టులో కొత్త కోర్టు భవనం తెరిచాక నల్లకోట్ల రద్దీ పెరిగింది. అందులో ఓ మేలు జరిగింది. ఒకప్పుడు ఆ గదిలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. ఇప్పుడు మహిళా న్యాయవాదులూ సెల్‌ఫోను దుకాణాల అమ్మాయిలూ రెండు బల్లలు నిండుగా కూర్చుంటారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు గవర్నరుపేట పొడిగానే ఉంది. కానీ వంటవాళ్లిద్దరి ఇళ్లూ సింగ్ నగర్‌లో నీళ్లలో ఉన్నాయి. మెస్సు రెండు వారాలు మూతపడింది. తెరిచిన రోజు పప్పు, చారు, ఆవకాయ, అంతే. పూర్తి ధర ఇవ్వబోతే సగమే తీసుకున్నారు.

బయటి ఊళ్లవాళ్లు గాంధీనగర్ బాబాయ్ హోటల్ గురించి అడుగుతుంటారు. ఆ వెన్నపూస ఇడ్లీ పొద్దున్న తినవలసింది, మధ్యాహ్నం లెక్కలోకి రాదు. మా అటెండరు ప్రభుత్వపు అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు తిని నా కంటే ముందే సీట్లో కూర్చుంటాడు. నేనూ రెండుసార్లు తిన్నాను. పెరుగన్నంతో ముగించి వచ్చాను, నాలుగింటికి ఏ ఇబ్బందీ లేదు.

మెస్సుకు శనివారం వెళ్లేవారు మాత్రం ఒంటిగంట లోపే మెట్లెక్కండి. ఆరోజు ఉలవచారు, పైన మీగడ. ఒంటిగంటన్నరకు గిన్నె అడుగు కనిపిస్తుంది.