ఐదేళ్ల తొమ్మిది నెలల వాడకం తర్వాత: పాత క్యాంపర్ ట్రక్కు కొన్నవాడిగా, అమ్మినవాడిగా నా సమీక్ష

2019 ఫిబ్రవరిలో బెంగళూరులో ఒక పాత క్యాంపర్ ట్రక్కు, అంటే వెనక పడుకోవడానికి, వండుకోవడానికి వీలైన చిన్న గది కట్టిన బండి కొని విశాఖపట్నం తెచ్చుకున్నాను. 2024 నవంబరులో దాన్ని రాజమహేంద్రవరానికి చెందిన ఒక పెద్దమనిషికి అమ్మాను. ఈ మధ్యకాలంలో నేనూ నా భార్యా దానిలో 71 వేల కిలోమీటర్లు తిరిగాము. అనంతగిరి ఘాట్ ఎన్నిసార్లు ఎక్కామో లెక్క లేదు. లంబసింగి చలిలోను, కళింగపట్నం ఇసుకతీరంలోను, ఒడిశాలోని దేవమాలి కొండ మీద, ఒకసారి విశాఖ నుంచి రెండున్నర వేల కిలోమీటర్ల దూరాన హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న స్పితి లోయలోను నిద్రపోయాము. కొన్నప్పుడు నాకు తెలియనివి, అమ్మేనాటికి తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి బండి కొనదలచినవారు ఫ్రిజ్‌నూ పొయ్యినీ పరుపునూ చూసి ధర కట్టకూడదని, దాని బరువును, గోడల్లోని తడిని, కాగితాలను చూసి ధర కట్టాలని నా గట్టి అభిప్రాయం.

బండి వివరాలు ముందుగా చెబుతాను. 2017లో తయారైన ఒక టన్ను తరగతి సింగిల్ క్యాబిన్ పికప్ అది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది, రెండు ఇరుసుల మధ్య దూరం మూడు మీటర్లు. దాని ఛాసిస్ (అడుగున ఉండే ఉక్కు చట్రం) మీద ఒక ప్రైవేటు బాడీ బిల్డరు ఫైబర్ పెట్టె కట్టాడు. రెండు ఫైబర్ పలకల మధ్య నురుగు పొర, అక్కడక్కడ బిగింపుకోసం ప్లైవుడ్, డ్రైవరు క్యాబిన్ పైకి చొచ్చుకువచ్చిన పడక, నూరు లీటర్ల నీటి ట్యాంకు, డీజిలుతో పనిచేసే హీటరు, పైకప్పున నాలుగు వందల వాట్ల సోలార్ పలకలు ఉన్నాయి. అమ్మకందారు 22 లక్షలు అడిగారు, 17 లక్షల 50 వేలకు బేరం తెగింది. బిల్డరు పేరు గాని, అమ్మినవారి పేరు గాని ఇక్కడ చెప్పను.

విదేశీ బండి ఎందుకు తెప్పించుకోలేదని చాలామంది అడిగారు. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-550 ట్రక్కు మీద ఎర్త్‌రోమర్ సంస్థ కట్టే బండ్లను, మాన్, యూనిమాగ్ ట్రక్కుల మీద జర్మనీకి చెందిన యూనిక్యాట్, ఆస్ట్రియాకు చెందిన యాక్షన్ మొబిల్ కట్టే పెట్టెలను చూసి మనసు పారేసుకున్నవారిలో నేనూ ఒకణ్ని. అయితే మన దిగుమతి నిబంధనల ప్రకారం పాత వాహనం తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి, దిగుమతి ముంబయి రేవు గుండా మాత్రమే జరగాలి. కళ్లెదుట ఇంత పెద్ద రేవు పెట్టుకున్న విశాఖవాసికి ఈ చివరి నిబంధన కష్టంగా తోస్తుంది. దీనికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. విదేశీ యాత్రికులు కార్నెట్ పత్రంతో (సుంకం కట్టకుండా బండిని కొంతకాలానికి తెచ్చుకోనిచ్చే పత్రం) తెచ్చే బండ్లు తాత్కాలికంగా దేశంలోకి వచ్చినవి, గడువులోగా తిరిగి వెళ్లవలసినవి. ప్రయాణం మధ్యలో డబ్బుకు ఇబ్బందిపడి ఎవరైనా అలాంటి బండిని చవకగా ఇస్తామన్నా ముట్టుకోకూడదు, ఎందుకంటే సుంకం కట్టకుండా అది మన పేరుమీదికి మారదు.

ఇక బరువు సంగతి. బిల్డరు ఇచ్చిన కాగితంలో పెట్టెతో కలిపి ఖాళీ బండి బరువు 2,480 కిలోలని ఉంది. ఆర్‌సీలో అనుమతించిన మొత్తం బరువు 2,990. అంటే అయిదు వందల కిలోల పైచిలుకు మిగులు ఉన్నదని నమ్మి కొన్నాను. విశాఖ చేరిన నాలుగో రోజున గాజువాక ఆటోనగర్‌లో వేబ్రిడ్జి (బండ్లను తూచే కాటా) ఎక్కిస్తే, డీజిలు నింపి ఉన్న ఖాళీ బండి 2,640 కిలోలు తూగింది. నీరు నూరు కిలోలు, మేమిద్దరం నూట ముప్ఫయి, గ్యాసు, బియ్యం, బట్టలు, పనిముట్లు కలిపి తొంభై కలుపుకుంటే 2,960 అవుతుంది. చేతిలో మిగిలింది ముప్ఫయి కిలోలు మాత్రమే. అటు తర్వాత ముందు చక్రాలను కాటా దింపి వెనక ఇరుసును విడిగా తూకం వేయించాను, అసలు ప్రమాదం అప్పుడు బయటపడింది. నిండు సామానుతో వెనక ఇరుసు మీద 1,910 కిలోలు పడుతున్నాయి, అనుమతి 1,870 మాత్రమే.

కారణం నీటి ట్యాంకు. దాన్ని వెనక ఇరుసుకు ఎనభై సెంటీమీటర్లు వెనకగా అమర్చారు. వెనక వేలాడే బరువు తన బరువునంతా ఇరుసు మీద వేసి ఊరుకోదు, ముందు చక్రాల మీది బరువును కూడా లేపి వెనక్కి తెస్తుంది. మూడు మీటర్ల బండిలో ఆ నూరు కిలోల నీరు వెనక ఇరుసు మీద సుమారు 127 కిలోలుగా పనిచేస్తుంది, ముందు చక్రాలను 27 కిలోల మేరకు తేలిక చేస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగ్ తేలిపోతున్నట్టు నాకు అనిపించడానికి ఇదే కారణం. ట్యాంకును ఇరుసుకు అరవై సెంటీమీటర్లు ముందుకు జరిపిస్తే అదే నీరు వెనక ఇరుసు మీద ఎనభై కిలోలకు తగ్గింది. పెట్టెలో ఒక్క వస్తువు తీయకుండా నలభై ఏడు కిలోలు తగ్గించగలిగాము. కొనేముందే నాలుగైదు వందల రూపాయలు పెట్టి కాటా ఎక్కించి ఉంటే, బేరంలోనే కనీసం లక్షన్నర తగ్గించమని అడిగేవాణ్ని.

కాగితానికీ కాటాకూ మధ్య ఉన్న 160 కిలోల తేడా ఎక్కడినుంచి వచ్చిందో బాడీలు కట్టే పాత మేస్త్రీ ఒకాయన చెప్పాడు. పడక మూల మీద పిడికిలితో తట్టి, మొదట ఒకచోట, తర్వాత ఒక జానెడు పక్కన చెవి పెట్టి విన్నాడు. "బాబూ, ఇది పెట్టె బరువొక్కటే కాదు, పెట్టె తాగిన నీళ్ల బరువు కూడా," అన్నాడు. గట్టిగా ఉన్న చోట తట్టితే టకటక మని బిగువైన శబ్దం, ప్లైవుడ్ కుళ్లిన చోట మెత్తని బోలు శబ్దం వస్తుంది. లోపలి పలక విప్పి చూస్తే క్యాబిన్ పైభాగపు ఎడమ మూల ప్లైవుడ్ చేత్తో పిండితే తడి కారే స్థితిలో ఉంది. అక్కడి అతుకులో ఎవరో సిలికాన్ పూశారు. సిలికాన్ ఒకసారి పూస్తే తర్వాత దాని మీద మరే జిగురూ పట్టదు, దాన్ని పూర్తిగా గీకి తీసేశాకే నీరు చొరకుండా అతుకుల్లో పూసే కొత్త పాలీయురిథేన్ సీలెంటు నిలుస్తుంది. కుళ్లిన భాగం మార్చడానికి, అతుకులన్నీ తిరిగి వేయించడానికి లక్షా 85 వేలు ఖర్చయింది. తడిని కొలిచే చిన్న మీటరు రెండు వేల రూపాయల లోపే దొరుకుతుంది. ఆ తర్వాత ప్రతి వానాకాలం ముగిశాక దానితో పదహారు చోట్ల కొలిచి నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను. బండి అమ్మిన రోజున నాకు ఎక్కువ ఉపయోగపడినది ఈ పుస్తకమే.

పెట్టెను ఛాసిస్‌కు ఎలా బిగించారన్నది మరొక ముఖ్యమైన సంగతి. గతుకుల్లో ట్రక్కు ఛాసిస్ మెలి తిరుగుతుంది. అలా తిరగడం దాని బలమే గాని లోపం కాదు. బిరుసైన పెట్టెను దానికి నేరుగా బోల్టులతో బిగిస్తే ఆ మెలి అంతా పెట్టె మూలలకు చేరి అతుకులు విడిపోతాయి. అందుకే మంచి బిల్డర్లు స్ప్రింగుల మీద గాని, మూడు బిందువుల ఆధారం మీద గాని ఛాసిస్‌కూ పెట్టెకూ మధ్య ఉపఫ్రేము వేస్తారు. నా బండికి వెనకవైపు స్ప్రింగు బోల్టులు ఉన్నా, అంతకుముందు యజమాని వాటిని పూర్తిగా బిగించేశారు. చప్పుడు రాకుండా ఉండాలని అలా చేసి ఉంటారు. మేస్త్రీ వాటిని సడలించి స్ప్రింగుకు ఆడే చోటు ఇచ్చాక మూలల్లో కొత్త పగుళ్లు రాలేదు.

విశాఖ గాలి గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో బండి మా సాగర్‌నగర్ ఇంటి ముందు నెలల తరబడి కదలకుండా నిలిచిపోయింది. సముద్రం అక్కడికి అడుగుదూరం. కదిలించేసరికి అల్యూమినియం ఫ్రేములో బిగించిన మామూలు ఉక్కు స్క్రూల చుట్టూ తెల్లని పొడి పేరుకుంది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పు తేమ చేరితే అల్యూమినియం కరిగిపోవడం మొదలవుతుంది. వాటన్నిటిని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో మార్పించి, మధ్యలో నైలాన్ వాషర్లు వేయించాను. సాధారణంగా దొరికే 304 రకం సముద్రతీరంలో కొన్నాళ్లకే తుప్పు మరకలు పడుతుంది. మన తీరంలో బండి కొనేవారు దాని కింద పడుకొని చూడడానికి సిగ్గుపడకూడదు. చెన్నైలో ఒక బండి చూసినప్పుడు సీటు పట్టాల లోపల ఎండిన బురద కనిపించి, 2015 డిసెంబరు వరదల్లో మునిగినదేమోనన్న అనుమానంతో వెనుదిరిగాను.

విద్యుత్తు విషయంలో నా అనుభవం మిశ్రమం. నేను పాత సీసపు బ్యాటరీలు తీసేసి 200 ఆంపియర్ గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించాను. దానిలో సుమారు 2.5 యూనిట్ల విద్యుత్తు నిలుస్తుంది. ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు, ఫోన్లు దానితో హాయిగా నడిచాయి. ఏసీ అయితే రెండు గంటలు దాటి నడవలేదు. మే నెలలో విశాఖలో రాత్రంతా బ్యాటరీ మీద ఏసీ నడుస్తుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. మేము ఎండాకాలంలో సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు వైపు వెళ్లి ఈ సమస్యను దాటవేశాము. స్పితిలో మరొక ఇబ్బంది ఎదురైంది. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఈ బ్యాటరీని ఛార్జి చేయకూడదు కాబట్టి, ఉదయం ఎండ వచ్చినా పెట్టె లోపల వేడెక్కేదాకా సోలార్‌ను ఆపి ఉంచవలసి వచ్చింది. మూడున్నర వేల మీటర్లు దాటిన ఎత్తులో హీటరు మసి పట్టి రెండు రాత్రులు మొరాయించింది. గాలి పలుచనైనా అది అంతే డీజిలు పోయడం వల్ల ఇలా జరుగుతుంది. ఎత్తుకు తగ్గట్టు ఇంధనాన్ని సరిచేసే పరికరం హీటరుకు ఉందో లేదో కొనేనాడే అడగాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా అందులో నిద్రపోవడాన్ని నేను ఒప్పుకోను.

గ్యాసు పైపులకు సబ్బునీటి పరీక్ష, నేలమట్టంలో గాలిరంధ్రం, టైరు పక్కన ముద్రించిన తయారీ వారం-సంవత్సరం అంకెలు ఎలాగూ అందరూ చూస్తారు గనుక వాటిని ఇక్కడ విస్తరించను. రాత్రంతా ఇద్దరు ఊపిరి పీల్చి వదిలే తేమ కిటికీల మీద నీరై కారుతుంది కాబట్టి, లంబసింగి చలిలో కూడా పైకప్పు గవాక్షాన్ని వేలెడంత తెరిచి పెట్టుకోవాలన్నది మాత్రం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

కాగితాల్లో నేను అదృష్టవంతుణ్ని. ఆర్‌సీలో నా బండి మోటార్ క్యారవాన్‌గానే, అంటే లోపల నివసించే ఏర్పాట్లున్న వాహనంగానే నమోదై ఉంది. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం వర్తిస్తుంది. అలా కాకుండా సరుకుల పికప్‌గా నమోదైన బండి మీద తర్వాత పెట్టె కట్టించి ఉంటే, అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో చిక్కు తెస్తుంది. కంపెనీ తయారీకి విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది ఇదే. వేరే రాష్ట్రం నుంచి కొంటే ఫారం 28తో నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. 29, 30 ఫారాలు బదిలీకి, అప్పు తీరిన బండికి ఫారం 35 అవసరం. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టవలసివస్తుందని లెక్కలోకి తీసుకోకుండా బెంగళూరు ధరను చవక అనుకోవడం పొరపాటు. బీమాను తన పేరుమీదికి మార్చమని కొన్నవారు పద్నాలుగు రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి.

అమ్మేటప్పుడు నేను ఏదీ దాచలేదు. 15 లక్షలు చెప్పాను, 13 లక్షల 25 వేలకు ఇచ్చాను. కొనవచ్చిన ఆయనను మొదట ఆటోనగర్ కాటాకు తీసుకెళ్లి, ఖాళీగా ఒకసారి, నీరు నింపి ఒకసారి, వెనక ఇరుసు విడిగా ఒకసారి తూకం వేయించి ఆ మూడు చీటీలు ఆయన చేతికిచ్చాను. కుళ్లిన మూలను విప్పినప్పటి ఫొటోలు చూపించాను. "మీరు అమ్మడానికి వచ్చారా, మానిపించడానికి వచ్చారా సార్?" అని ఆయన అడిగారు. ఆ రాత్రి భార్యతో కలిసి భీమిలి దగ్గర బండిలో పడుకొని, నచ్చితేనే అడ్వాన్సు ఇమ్మని చెప్పాను. అదృష్టవశాత్తు ఆ రాత్రి వాన కురిసింది. తెల్లవారుజామున ఆరింటికి ఫోను చేసి, తడి మీటరుతో పదహారు చోట్లా తానే కొలిచానని, నా పుస్తకంలోని అంకెలకు దగ్గరగానే ఉన్నాయని చెప్పారు. ఆ తర్వాత బేరం పది నిమిషాల్లో ముగిసింది.

తాళాలతో పాటు నోటుపుస్తకం, కాటా చీటీలు, సీలెంటు కొన్న బిల్లులు, పైకప్పు గవాక్షానికి సరిపోయే అదనపు రబ్బరు పట్టీ ఒకటి ఆయనకు ఇచ్చాను. ఆ పట్టీ మన ఊళ్లో దొరకదు, తెప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఎడమ కిటికీ కింది అతుకును వచ్చే వానాకాలానికి ముందు మళ్లీ వేయించాలని పుస్తకం చివరి పేజీలో ఎర్రసిరాతో రాసి ఇచ్చాను. డిసెంబరు రెండో వారంలో ఆర్‌సీ ఆయన పేరుమీదికి మారింది.